పిల్లికూతలు లేని రోజు

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ క్యూలైన్లలో చాలామంది చేతుల్లో నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ కవర్ కనిపిస్తుంది. అందులో 2, 3 అంగుళాల కొర్రమీను పిల్ల. మత్స్యశాఖ కౌంటర్లో డబ్బిచ్చి చేపను కొనుక్కోవాలి, ఉబ్బసం మందు మాత్రం ఉచితం. వంతు రాగానే చేప నోట్లో పసుపుపచ్చని ముద్ద కూరి, మనిషి నోరు తెరిపించి, ప్రాణంతో ఉన్న చేపను వేళ్లతో గొంతులోకి దించేస్తారు. పెద్దవాళ్లు కళ్లు గట్టిగా మూసుకుని గుటక వేస్తారు. పిల్లలు కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తారు, తల్లులు ముక్కు మూసి పట్టుకుంటారు. చేప తినని వాళ్లకి అదే ముద్దను బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ తర్వాత 45 రోజుల పథ్యం. వరుసగా మూడేళ్లు ఇదే రోజున వచ్చి మింగాలన్నది షరతు.

బత్తిని వారి కుటుంబం ఈ మందును 1845 నుంచి పంచుతున్నామని చెబుతుంది. తమ పూర్వీకుడికి ఒక సాధువు దీన్ని ఉపదేశించాడని, పైసా తీసుకోకూడదన్నది ఆయన పెట్టిన నియమమని వాళ్ల మాట. ఒకప్పుడు పాతబస్తీ దూద్‌బౌలిలో ఇంటి దగ్గరే పంపిణీ జరిగేది. ముద్దలో ఏం కలుపుతారో చెప్పరు. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు రుజువేదని నిలదీశాక ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. మందన్నాక లెక్క చెప్పాలి, ప్రసాదానికి ఆ బాధ లేదు. కరోనా వల్ల మూడేళ్లు ఆగిపోయినా 2023లో మళ్లీ మొదలైంది, జనమూ మళ్లీ వచ్చారు.

ఆ జనాన్ని అమాయకులని నవ్వేసి ఊరుకోవడం తేలికే. వాళ్లలో కొందరు నిజంగానే తగ్గిందని ఎందుకు చెబుతారన్నదే ఆలోచించాల్సిన సంగతి. దానికి జవాబు చేపలో కన్నా జబ్బులోనే ఎక్కువగా ఉంది. ఉబ్బసం ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది, కొన్నాళ్లకు తనంతట తానే సద్దుమణుగుతుంది. మనిషి మందు కోసం రైలెక్కేది బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత ఏం మింగినా, అసలేమీ మింగకపోయినా కొంత తెరిపి వస్తుంది, పేరు మాత్రం ఆఖరున వేసుకున్నదానికి దక్కుతుంది. పైగా చిన్నప్పుడు ఆయాసపడిన పిల్లల్లో చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి లక్షణాలు వెనక్కి తగ్గుతాయి. తొమ్మిదో ఏట మొదలుపెట్టి వరుసగా మూడేళ్లు చేప మింగించిన తండ్రికి, కొడుకు పన్నెండో ఏట వీధిలో క్రికెట్ ఆడుతుంటే అది చేప చలవే అనిపించదా? అదే అబ్బాయికి పెద్దయ్యాక మళ్లీ తిరగబెడితే పథ్యం సరిగ్గా చేయలేదనే సర్దుబాటు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది.

ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచి, చిన్నదానికే చిరాకుపడే స్థితిలో ఉండటం: ఉబ్బసమంటే స్థూలంగా ఇది. దుమ్ము, పొగ, జలుబు, చల్లగాలి, పరుగు, ఒక్కోసారి పగలబడి నవ్వడం కూడా ఆ పొరను రెచ్చగొడుతుంది. వెంటనే గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల జిగురు కఫం ఊరుతుంది, దారి ఇరుకైపోతుంది. చూసేవాళ్లకి మనిషికి గాలి అందడం లేదనిపిస్తుంది. లోపల జరిగేది ఇంకోటి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోక ఛాతీ ఉబ్బి ఉంటుంది, కొత్త గాలికి చోటుండదు. ఆ ఇరుకు సందుల్లోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు పుట్టే చప్పుడే పిల్లికూతలు.

ఇదంతా తరచూ తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళే జరగడానికి కారణముంది. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను రాత్రిళ్లు ఒంట్లో బాగా తగ్గుతుంది. మనిషి మంచం మీద లేచి కూర్చుని, మోకాళ్ల మీద అరచేతులు ఆనించి, ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగరేస్తుంటాడు. మెడ దగ్గరి కండరాలు తాళ్లలా పైకి తేలతాయి. ఒకరు వీపు రాస్తారు, ఒకరు వేడినీళ్లు తెస్తారు, ఇంకొకరు ఆటో కోసం పరిగెడతారు. ఆర్‌ఎంపీ డాక్టరు డెరిఫిలిన్ ఇంజెక్షనో, ఆస్పత్రిలో నెబులైజరో పెట్టాక తెల్లారేసరికి కూతలు ఆగుతాయి. గండం గడిచిందని అందరూ నిద్రపోతారు. గడిచింది కండరపు బిగువు. వాపు అలాగే ఉంది, ఇంకో రాత్రి కోసం.

కండరాన్ని సడలించే మందులు మనుషులకి ఎప్పుడో దొరికాయి. వాటిలో ఒకటి మద్రాసు నుంచి బయల్దేరింది. ఇక్కడివాళ్లు ఆయాసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్ గమనించాడు. ఆయన దగ్గర సంగతి తెలుసుకున్న జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో దాన్ని బ్రిటన్‌కు చేరవేశాడు. అక్కడ ఉమ్మెత్త సిగరెట్లు ‘ఆస్త్మా సిగరెట్ల’ పేరుతో అమ్ముడయ్యాయి, 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం చలామణీ అయ్యాయి. ఉబ్బసానికి సిగరెట్టు మందట! ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ జాతి పదార్థాలు గాలి గొట్టాలను నిజంగానే వదులు చేస్తాయి. మోతాదు కాస్త మించితే మతిభ్రమణ, ఇంకాస్త మించితే ప్రాణగండం కూడా నిజమే, కాబట్టి ఇవాళ ఎవరూ ఆ ప్రయోగానికి దిగకూడదు. అట్రోపిన్‌ను మార్చి, ప్రమాదం తగ్గించి తయారుచేసిన ఇప్రాట్రోపియం ఇప్పుడు ఆస్పత్రుల్లో నెబులైజర్‌లో పోసే డుయోలిన్‌లో ఉంది. నాటు వైద్యమంతా బూటకమనే వాళ్లకీ, నాటుదైతే చాలు మంచిదే అనే వాళ్లకీ ఉమ్మెత్త కథ కాస్త ఇబ్బందికరమే. మందు ఎక్కడ పుట్టిందన్న దాంతో పని లేదు, విడదీసి తూచి పరీక్షించారా లేదా అన్నదే లెక్క.

ఇన్‌హేలర్ పుట్టుక వెనక ఓ పదమూడేళ్ల పిల్ల ఉంది. 1955లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్ కూతురు సూసీకి ఉబ్బసం. అప్పట్లో మందు పీల్చాలంటే రబ్బరు బుడ్డి పిసుకుతూ వాడే గాజు పరికరం ఉండేది. అది పగిలేది, కారేది, ఎంత మందు లోపలికి పోయిందో తెలిసేది కాదు. తలకు కొట్టుకునే హెయిర్ స్ప్రేలా నా మందు కూడా డబ్బాలో ఎందుకు పెట్టరని ఆ పిల్ల తండ్రిని అడిగింది. మరుసటి ఏడాదే నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే డబ్బా అమ్మకానికి వచ్చింది.

ఆ డబ్బా అంటే తెలుగిళ్లలో ఇప్పటికీ జంకు. మాత్రతో సరిపెట్టండి, పంపు మాత్రం వద్దు అని డాక్టర్ని బతిమాలుకునే వాళ్లున్నారు. పంపు మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదని, అది ఆఖరి దశ మందని భయం. లెక్క చూస్తే తిరగబడి ఉంటుంది. ఆస్తాలిన్‌లో ఉండే సాల్బుటమాల్ మాత్రగా అయితే 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక్క నొక్కుకి 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్రలో ఉన్నది 40 నొక్కుల మందు. మాత్ర పొట్టలోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడదడలాడించి చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది. పంపు మందు నేరుగా అక్కడికే వెళ్లి నిమిషాల్లో పనిచేస్తుంది. ఎక్కువ మందని భయపడి జనం వదిలేస్తున్నది తక్కువ మందుని.

అయితే భయపడాల్సిన పంపు ఒకటుంది, జనానికి బాగా నచ్చేదీ అదే. సాల్బుటమాల్ నీలం పంపు కండరాన్ని వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. పీల్చిన ఐదు నిమిషాల్లో హాయినిస్తుంది కాబట్టి దానిమీద గురి కుదురుతుంది, అసలు జబ్బు కింద పెరుగుతూనే ఉంటుంది. ఉపశమనం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ప్రపంచం ఖరీదుగా నేర్చుకుంది. 1960ల్లో బ్రిటన్‌తో సహా కొన్ని దేశాల్లో గాఢమైన ఐసోప్రెనలిన్ పంపులు వచ్చాక ఉబ్బసం మరణాలు హఠాత్తుగా పెరిగాయి. 1976 నుంచి న్యూజిలాండ్‌లో మళ్లీ అదే జరిగింది, ఈసారి ఫెనోటెరాల్‌తో. 1989లో అక్కడి ప్రభుత్వం దాన్ని కట్టడి చేశాక మరణాలు బాగా తగ్గాయి. బ్రిటన్‌లో 195 ఉబ్బసం మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో ఒక నివేదిక వెలువరించారు. దాదాపు సగం, కచ్చితంగా చెప్పాలంటే 46 శాతం, సరైన వైద్యం అంది ఉంటే తప్పి ఉండేవని తేల్చారు. చనిపోయిన వాళ్లలో ఎంత నీలం మందు రాశారో లెక్క దొరికినవాళ్లను చూస్తే, 39 శాతం మందికి ఆఖరి ఏడాదిలో డజనుకు మించి డబ్బాలు రాసి ఉన్నాయి. 200 నొక్కుల డబ్బాలు ఏడాదికి మూడు అయిపోతున్నాయంటేనే జబ్బు అదుపు తప్పినట్టు లెక్క.

వాపును తగ్గించేది రెండో పంపు, అంటే పీల్చే స్టెరాయిడ్. బెక్లోమెథసోన్‌తో 1972లో మొదలైంది. దీని ఇబ్బందల్లా, పీల్చిన వెంటనే ఏమీ అనిపించదు. దాని పని రోజుల్లో, వారాల్లో తెలుస్తుంది, అదీ ఏమీ జరగకపోవడం రూపంలో. పిల్లికూతలు లేని రోజున, మెట్లు చకచకా ఎక్కగలిగిన రోజున, ఒంట్లో ఏ బాధా లేని రోజున గుర్తుపెట్టుకుని రెండు పూటలా పీల్చాలి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఏ బాధా లేకపోయినా ఏళ్ల తరబడి వేసుకునే మనిషి కూడా ఉబ్బసం దగ్గరికి వచ్చేసరికి, తగ్గిపోయింది కదా అని పంపును బీరువాలో పెట్టేస్తాడు. ఈ జబ్బులో వైద్యం ఓడిపోయే చోటు ఇదేననిపిస్తుంది. ఏడాదికి ఒక్కరోజు ఎంత కష్టమైనా పడతారు, క్యూలో రాత్రంతా నిలబడతారు. కష్టం లేని రోజున అర నిమిషం పనికి మనసొప్పదు.

స్టెరాయిడ్ అన్న మాటకే గుండె గుభేలుమంటుంది. ముఖం ఉబ్బుతుందని, ఎముకలు గుల్లబారతాయని విన్నది నెలల తరబడి మింగే మాత్రల సంగతి. పీల్చేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. దానికి దుష్ఫలితాలే లేవనడం అబద్ధం. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు, అందుకే పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. చిన్నప్పుడు కొన్నేళ్లపాటు బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. రెండో పక్కన, కెనడాలోని సస్కాచవాన్ రోగుల రికార్డులను పరిశీలించి 2000లో ప్రచురించిన పరిశోధన ఉంది. ముందటి ఏడాదిలో వాడిన ఒక్కో అదనపు స్టెరాయిడ్ డబ్బాకీ ఉబ్బసంతో చనిపోయే ముప్పు 21 శాతం చొప్పున తగ్గిందని అది చెప్పింది. సెంటీమీటరు పైచిలుకు ఎత్తు ఒకవైపు, ప్రాణం ఒకవైపు. తూచుకోవడం అంత కష్టమేం కాదు.

2019లో అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ జీనా, పెద్దవాళ్లకీ పన్నెండేళ్లు నిండిన పిల్లలకీ ఉత్త నీలం పంపుతో వైద్యం ఇక వద్దని చెప్పేసింది. వాపు తగ్గించే బుడెసొనైడ్, కండరాన్ని వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసి ఉన్న ఒకే పంపును ఆయాసం వచ్చినప్పుడు కూడా వాడుకోవచ్చంది. వెంటనే హాయి కోరుకునే మనిషి స్వభావాన్ని మార్చలేక, ఆ హాయిలోనే వాపు మందును కలిపి ఇవ్వడమన్నమాట. తెలివైన రాజీ.

పంపు చేతికొచ్చినంత మాత్రాన మందు లోపలికి వెళ్లదు. మూత తీసి డబ్బాను బాగా కుదపాలి. ఊపిరి మొత్తం వదిలేయాలి. పెదాలు గొట్టం చుట్టూ బిగించి, నిదానంగా పీల్చడం మొదలుపెడుతూ సరిగ్గా అప్పుడే నొక్కాలి. నొక్కాక కూడా పీలుస్తూ పోయి, పది సెకన్లు బిగబట్టాలి. చాలామంది ముందు నొక్కి తర్వాత పీలుస్తారు. మందు నాలుకకీ గొంతుకీ కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది, ఇది పనిచేయట్లేదని చీటీ మీద ఇంకో మందు చేరుతుంది. చిన్నపిల్లలకీ ముసలివాళ్లకీ ఈ సమన్వయం తరచూ కుదరదు. అందుకే మధ్యలో స్పేసర్ అనే బోలు డబ్బా పెడతారు. మందు అందులోకి వెళుతుంది, మనిషి మామూలుగా నాలుగైదు ఊపిర్లు తీసుకుంటే చాలు. అదీ కొనలేని పిల్లల కోసం దక్షిణాఫ్రికాలో హెదర్ జార్ అనే డాక్టరు, సహచరులు 500 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్ అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేలా రంధ్రం చేసి పరీక్షించారు. కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పిల్లల వార్డు గోడమీద ఆ బాటిల్ బొమ్మ గీసి పెడితే ఎంత బాగుంటుంది!

ఇంక దాపరికం సంగతి. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి పంపు అలమర వెనక్కి పోతుంది. అడిగితే కాస్త డస్ట్ ఎలర్జీ అంటారు. పెళ్లయ్యాక అత్తగారింట్లో బాత్‌రూమ్ తలుపేసుకుని పీల్చుకునే కోడళ్లు, ఎవరైనా చూస్తారని మానేసి ఆస్పత్రి పాలయ్యేవాళ్లు కల్పిత పాత్రలేం కాదు. కాలేజీ కుర్రాడు చే గువేరా బొమ్మ టీషర్టు మీద వేసుకుంటాడు, ఇన్‌హేలర్ మాత్రం జేబులోంచి తీయడు. చే పసితనం నుంచీ ఉబ్బస రోగి. బొలీవియా అడవుల్లో మందులైపోతే, 1967 జూలైలో ఆయన దళం సమైపాట పట్టణం మీద దాడి చేసిన కారణాల్లో ఆయన ఆయాసం మందు ఒకటి. మందులు దొరికాయి గాని ఆయనకు కావాల్సినవి దొరకలేదు. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టిన పౌలా రాడ్‌క్లిఫ్‌కీ చిన్ననాటి నుంచి ఉబ్బసమే. ఆమె పంపు దాచుకోలేదు.

ఆయాసాన్ని రెచ్చగొట్టేవాటిని తప్పించుకోమని డాక్టర్లు చెబుతారు. చెప్పడం సులువు. పొద్దున పూజగదిలో అగరొత్తులు, మధ్యాహ్నం ఎండుమిర్చి తాలింపు ఘాటు, సాయంత్రం సాంబ్రాణి, రాత్రి దోమల చక్రం, దీపావళికి మందుగుండు, భోగికి మంట, పరుపుల్లో కంటికి కనిపించని దుమ్ము పురుగులు, ఖాళీ స్థలమంతా వయ్యారిభామ. ఎవరికి ఏది పడదో వాళ్లే గమనించుకోవాలి, అన్నీ అందరికీ పడకపోవు. పెరుగు, అరటిపండు, నిమ్మకాయ మాన్పించేయడం మాత్రం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఆ పిల్లవాడికి వాటివల్ల నిజంగా తేడా చేస్తుందో లేదో చూసినవాళ్లు తక్కువ.

కొన్ని రోగి చేతిలో ఉండవు. బార్సిలోనాలో 1981 నుంచి 1987 మధ్య కొన్ని రోజుల్లో ఊరంతా ఒక్కసారిగా ఆయాసంతో ఆస్పత్రులకు పరుగులు తీసేది. అలాంటి రోజులు 26 లెక్కతేలాయి. డాక్టర్ జోసెప్ మరియా ఆంటో బృందం ఆ తేదీలను రేవు రికార్డులతో సరిపోల్చి చూస్తే, అవి ఓడల్లోంచి సోయా గింజలు దించిన రోజులు. గిడ్డంగుల్లో వడపోత ఏర్పాట్లు సరిగా లేక సోయా దుమ్ము ఊరి మీద పడేది. ఫిల్టర్లు బిగించారు, ఆ తరహా దాడులు ఆగిపోయాయి. వేల పంపులు చేయలేని పని ఇనుప గోదాము మీద పెట్టిన జల్లెడ చేసింది. మెట్రో పనుల దుమ్ములోనో, చెత్త తగలబెట్టే వీధి మలుపులోనో బతికే మనిషికి మాస్కు పెట్టుకోమని చెప్పి చేతులు దులుపుకునే వాళ్లకి ఈ కథ చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 26.2 కోట్ల మందికి ఉబ్బసం ఉంది, 4.55 లక్షల మంది దాంతో చనిపోయారు. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అంచనాల్లో ప్రపంచ ఉబ్బస భారంలో భారత్ వాటా సుమారు 13 శాతం, మరణాల్లో మాత్రం 40 శాతం పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదంతా అందని పంపులు, మానేసిన పంపులు, ఆలస్యంగా పట్టిన ఆటోలు.

ఆ ఆలస్యాన్ని తగ్గించే పరికరం ఒకటుంది, పీక్ ఫ్లో మీటర్. అంకెలు, ఓ చిన్న ముల్లు ఉన్న ప్లాస్టిక్ గొట్టం, కరెంటు అక్కర్లేదు. నిండా పీల్చి ఒక్క ఊపున బలంగా ఊదితే ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. బాగున్న రోజుల్లో మనిషి ఊదగలిగిన అత్యధిక అంకె ఎంతో తెలిస్తే, అందులో 80 శాతం పైన ఉన్నంతవరకు నిశ్చింత. 50, 80 మధ్యకు పడితే డాక్టరు ముందే రాసిచ్చిన ప్రకారం మందు పెంచాలి. 50 కిందికి పోతే ఇంట్లో ఉండకూడదు. ఒంటికి తెలియకముందే ముల్లుకి తెలుస్తుంది. ఆ రాసిచ్చిన కాగితం బీరువాలో కాదు, ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి. అర్ధరాత్రి చదవాల్సింది రోగి కాదు, పక్కనున్నవాళ్లు.

వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. మనిషి ఒక వాక్యం పూర్తిచేయలేక మాటకో ఊపిరి తీసుకుంటున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. అన్నిటికన్నా మోసం చేసేది కూతలు ఆగిపోవడం. ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు మాత్రం వినిపించడం లేదంటే తగ్గినట్టు కాదు, చప్పుడు చేసేంత గాలి కూడా ఆడడం లేదని. 108కి ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్ పెట్టి సాల్బుటమాల్ ఒక్కో నొక్కు చొప్పున 4 నుంచి 10 దాకా ఇవ్వాలి. అంబులెన్స్ రాకపోతే 20 నిమిషాలకి మళ్లీ ఇవ్వాలి.